పంపు ఆపినా ప్రకంపనలు ఆగలేదా? జియోథర్మల్ బావుల దగ్గర సమస్య - పరిష్కారం

భూగర్భంలోని వేడిని వాడుకునే జియోథర్మల్ బావుల కోసం లోతైన వేడి రాతిలోకి ఒత్తిడితో నీరు పంపి పగుళ్లు తెరిచేటప్పుడు చిన్న ప్రకంపనలు రావడం మామూలే. వాటిలో చాలావరకు పరికరాలకే తెలుస్తాయి. వాటి తీరు మారినప్పుడు ఎక్కడ వెతకాలో, ఏం చేయాలో ఇక్కడ చూద్దాం.

సమస్య: పంపు ఆపేశాం, అయినా ప్రకంపనలు పెద్దవవుతున్నాయి

కారణం: పంపు ఆగగానే బావి దగ్గర ఒత్తిడి తగ్గుతుంది. లోపలికి చేరిన నీటి ఒత్తిడి మాత్రం పగుళ్ల వెంట దూరంగా పాకుతూనే ఉంటుంది. అది పాత భ్రంశాన్ని (రాతి పొరలు విరిగి జారిన చీలికను) చేరితే అక్కడ రాళ్ల మధ్య రాపిడి తగ్గి, ఎన్నాళ్లుగానో పేరుకున్న బలం ఒక్కసారిగా బయటపడుతుంది. (మహారాష్ట్రలోని కొయనా జలాశయం దగ్గర 1967లో వచ్చిన భూకంపం గురించి హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా చేస్తున్న పరిశోధనలోనూ నీటి ఒత్తిడిదే ముఖ్యపాత్ర.)

స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో 2006 డిసెంబరులో ఆరు రోజుల్లో సుమారు 11,500 ఘనపు మీటర్ల నీరు పంపారు. ప్రకంపనలు పెరగడంతో 8వ తేదీన పంపు ఆపారు. కొన్ని గంటలకే 3.4 మాగ్నిట్యూడ్ (భూకంప పరిమాణం) ప్రకంపన ఊరిని కుదిపింది. తర్వాతి రెండు నెలల్లో 3 దాటినవి మరో మూడు వచ్చాయి. దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో ఇంకా ఘోరం. 2017 సెప్టెంబరులో చివరిసారి నీరు పంపితే, నవంబరు 15న 5.5 భూకంపం వచ్చింది.

పరిష్కారం: పంపు ఆపడంతో సరిపెట్టకండి. బావి తెరిచి నీటిని పైకి వదిలి, లోపలి ఒత్తిడి దించాలి. బాసెల్‌లో చివరికి అదే చేశారు. ట్రాఫిక్ లైట్ పద్ధతిలో (ప్రకంపన పరిమాణాన్ని బట్టి పని కొనసాగించడం, తగ్గించడం, ఆపడం) ఎరుపు హద్దును, అంటే పని ఆపాల్సిన స్థాయిని, ఆపాక రాబోయే పెద్ద ప్రకంపనను కూడా లెక్కలో పెట్టుకుని కిందికే పెట్టాలి. పరికరాలను నెలల తరబడి తీయకూడదు.

సమస్య: ప్రకంపన కేంద్రాలన్నీ ఒకే తలం మీద వరస కడుతున్నాయి

కారణం: నీరు భ్రంశంలోకి దిగుతోంది. తవ్వేటప్పుడు బావిలో తిప్పే బురద ద్రవం అకస్మాత్తుగా రాతిలోకి ఇంకిపోయిందా? ఆ రికార్డు తీసి చూడండి. పోహాంగ్‌లో రెండో బావి తవ్వేటప్పుడు దాదాపు 3.8 కిలోమీటర్ల లోతున అలాగే జరిగింది. 2017 ఏప్రిల్‌లో 3.2 ప్రకంపన కూడా వచ్చింది. అయినా ఆగస్టులో మళ్లీ నీరు పంపారు. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే, ఎందుకంటే ఆగి ఆలోచించడానికి అప్పటికి వ్యవధి ఉంది.

పరిష్కారం: పని ఆపి, భ్రంశం పొడవునా జారితే ఎంత భూకంపం రాగలదో కొత్తగా లెక్కకట్టాలి. నీరు తగ్గించి కొనసాగిద్దామనడం పరిష్కారం కాదు. పోహాంగ్‌లో పంపిన నీరు దాదాపు బాసెల్‌లో పంపినంతే, భూకంపం మాత్రం ఎంతో పెద్దది.

సమస్య: జనం శబ్దం వచ్చిందంటున్నారు, మన జాబితాలో ఏమీ లేదు

కారణం: నేలమీద పెట్టిన జియోఫోన్లలో (నేల కదలికను పట్టే సెన్సార్లలో) రైళ్లు, లారీల రొద చిన్న సంకేతాలను మింగేస్తోంది.

పరిష్కారం: సెన్సార్లను బోర్లలోకి దించండి. ఫిన్లాండ్‌లోని ఎస్పోలో 2018లో అలాగే చేశారు. 6.1 కిలోమీటర్ల లోతైన బావిలోకి 49 రోజుల్లో సుమారు 18,000 ఘనపు మీటర్ల నీరు పంపుతూ, ప్రకంపనల లెక్క దాదాపు అప్పటికప్పుడే చూసుకుంటూ పంపు వేగం మార్చారు, మధ్యమధ్య విరామమిచ్చారు. అనుమతి హద్దు 2.1 అయితే, వచ్చిన అతిపెద్దది 1.9. అక్కడా జనానికి శబ్దాలు వినిపించాయి. ఫిర్యాదు చేసినవారిని కసురుకోకుండా సమయం, చోటు రాసుకోండి. అదీ సమాచారమే.

సమస్య: ప్రకంపనల లోతులు పొంతన లేకుండా వస్తున్నాయి

రాతిలో తరంగ వేగాల నమూనా తప్పయి ఉంటుంది, లేదా ఎస్ తరంగం (మొదటి తరంగం తర్వాత నెమ్మదిగా వచ్చే రెండోది) చేరిన సమయాన్ని సరిగా గుర్తించలేదు. చోటు తెలిసిన చిన్న పేలుడుతో సరిచూడండి.

సమస్య: ఒకే ప్రకంపనకు రెండు సంస్థలు రెండు మాగ్నిట్యూడ్‌లు చెబుతున్నాయి

స్థానిక మాగ్నిట్యూడ్ (పరికరంలో నమోదైన కంపం ఎత్తును బట్టి), మొమెంట్ మాగ్నిట్యూడ్ (భ్రంశం ఎంత మేర, ఎంత దూరం జారిందనే దాన్ని బట్టి) వేర్వేరు లెక్కలు. చిన్న ప్రకంపనల్లో తేడా ఎక్కువగానే ఉంటుంది. ఎరుపు హద్దు ఏ స్కేలుమీదో, ఎవరి లెక్క చెల్లుతుందో నీరు పంపకముందే అనుమతి పత్రంలో రాయించుకోండి.