ఎడిన్‌బరా చలికాలానికి ఒక మందు: మంగళవారం డాన్స్ క్లాసు

డిసెంబరులో ఇక్కడ మధ్యాహ్నం మూడూ నలభైకే పొద్దుగూకుతుంది. మొదటి ఏడాది ఆఫీసు నుంచి రాగానే అన్నం తిని, ఫోన్ పట్టుకుని దుప్పట్లో దూరేదాన్ని. రెండో ఏడాది పక్కింటి పెద్దావిడ మా వీధి చివర చర్చి హాలుకి లాక్కెళ్ళింది. స్కాటిష్ కంట్రీ డాన్స్ అట. అప్పట్నుంచి మంగళవారం ఎవరు భోజనానికి పిలిచినా వెళ్ళను.

కేలీ అనే స్కాటిష్ డాన్సు వేడుక వేరు, ఇది వేరు. (స్పెల్లింగులో బోలెడు అక్షరాలుంటాయి గానీ పలికేది కేలీ అనే.) పెళ్ళిళ్ళలో, యూనివర్సిటీల్లో జరిగే కేలీలో ఒకరు మైకులో చెబుతుంటే చేసుకుపోవచ్చు. కంట్రీ డాన్స్‌కి మాత్రం అడుగులు నేర్చుకోవాలి. ఈ డాన్సులు మరుగున పడిపోకుండా జీన్ మిలిగన్, ఇసోబెల్ స్టీవర్ట్ 1923లో గ్లాస్గోలో ఒక సొసైటీ మొదలుపెట్టారు. పేరు ముందు రాయల్ తర్వాత చేరింది. క్లాసులు ఎక్కువగా సెప్టెంబరులో మొదలవుతాయి, అప్పుడే చేరండి. జోడీ అక్కర్లేదు, ఒక్కరే వెళ్ళొచ్చు.

మామూలుగా నాలుగు జంటలు రెండు వరసల్లో ఎదురెదురుగా నిలబడతారు, దాన్నే సెట్ అంటారు. సంగీతం వచ్చే వైపు పైకొస. మొదటి జంట 32 బార్లలో (బార్ అంటే సంగీతంలో తాళం లెక్క) ఒక చుట్టు ముగించి ఒక స్థానం కిందికి దిగుతుంది. కోలాటం ఆడినవాళ్ళకి ఈ వరసలు తొందరగానే పట్టుబడతాయి, చేతిలో కోలలుండవంతే. డాన్సుల్లో రకాలున్నాయి: రీల్ (ఫోన్లో చూసేది కాదు), జిగ్ గబగబా సాగుతాయి. స్పే నది లోయ పేరు పెట్టుకున్న స్ట్రాత్‌స్పే నిదానం. నిదానమే కదా అనుకుంటాం, ఆ నిదానంలోనే మన తప్పులన్నీ బయటపడతాయి.

ముగ్గురు కలిసి ఎనిమిది అంకె ఆకారంలో తిరిగే వరస ఒకటుంది. మూడో వారం అందులో కుడికి తిరగాల్సింది ఎడమకి తిరిగి పక్క సెట్‌లో తేలాను. అక్కడున్న తెల్లజుట్టు ఆవిడ ఆట ఆపకుండానే నా మోచెయ్యి పట్టి గిర్రున మా వాళ్ళ వైపు తిప్పి వదిలింది. ఒక్కరూ మొహం చిట్లించలేదు.

పరాయివాళ్ళ చేతులు పట్టుకోవడం మనకి మొదట్లో ఇబ్బందే. ప్రతి డాన్సుకీ జోడీ మారుతుంది, ఆడవాళ్ళు ఆడవాళ్ళతో కూడా ఆడతారు, కాబట్టి దానికి వేరే అర్థాలేవీ లేవు. నేలచూపులు మాత్రం వద్దు, ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడాలి. చుడీదార్ సరిపోతుంది, చున్నీ ఇంట్లో పెట్టి రండి. నేలని పట్టేసే ట్రైనర్లతో మడమ తిప్పడం కష్టం, మెత్తటి పలచని అట్ట ఉన్న బూట్లు మేలు. మంచినీళ్ళ సీసా మర్చిపోకండి.

టర్మ్ చివర పార్టీకి “ప్లేటు తెచ్చుకోండి” అంటారు. తినడానికేదైనా పట్టుకురమ్మని దాని అర్థం. ఖాళీ ప్లేటుతో వెళ్ళిన మహానుభావురాలిని నేనే. మరుసటిసారి పులిహోర పట్టుకెళ్ళాను, గిన్నె ఖాళీ అయింది. అందులో వేరుశెనగపప్పు ఉందని చీటీ రాసి పెట్టడం మాత్రం తప్పనిసరి, ఇక్కడ ఆ అలర్జీ ఉన్నవాళ్ళు చాలామంది. జనవరి 25న కవి రాబర్ట్ బర్న్స్ పేరిట జరిగే బర్న్స్ నైట్ విందుకి వెళ్తే శాకాహార హ్యాగిస్ కావాలని ముందే చెప్పుకోండి, మామూలు హ్యాగిస్ గొర్రె మాంసంతో చేస్తారు.

పార్టీ అయిపోయాక అందరూ వలయంగా నిలబడి ఆల్డ్ లాంగ్ సైన్ అనే వీడ్కోలు పాట పాడతారు. చేతులు అడ్డంగా వేసి పట్టుకోవడం చివరి చరణంలోనే. మొదట్నుంచీ వేశారంటే పక్కనున్నావిడ మెల్లగా మీ చేతులు విడదీసి, మళ్ళీ పాటలో పడిపోతుంది.