డేటాబేస్ క్లస్టర్‌కు సర్వర్లు కొనేముందు జాగ్రత్తలు

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు పాట్రోనీ (ప్రైమరీ అనే ప్రధాన సర్వర్ పడిపోతే, దాని కాపీ ఉన్న స్టాండ్‌బైని ఆ స్థానంలోకి తెచ్చే సాఫ్ట్‌వేర్), ఈటీసీడీ (ఇప్పుడు లీడర్ ఎవరన్నది గుర్తుంచుకునే స్టోర్) పెట్టి హెచ్‌ఏ (హై అవైలబిలిటీ, ఒక సర్వర్ పోయినా ఆగని) క్లస్టర్ కట్టబోతున్నారా? ఆర్డర్ ఇచ్చేముందు ఇవి చూసుకోండి.

• ఈటీసీడీకి కనీసం 3 నోడ్‌లు (మెషీన్లు) కావాలి. రెండే ఉంటే, ఒకటి పడిపోగానే మెజారిటీ పోయి కొత్త లీడర్‌ను ఎన్నుకోవడం కుదరదు. మూడోది చిన్న మెషీనైనా ఫర్వాలేదు గానీ డిస్క్ మాత్రం వేగంగా ఉండాలి.

• ఎస్‌ఎస్‌డీల దగ్గర అస్సలు రాజీపడకండి. స్పెక్ షీట్‌లో ‘పవర్ లాస్ ప్రొటెక్షన్’ ఉందో లేదో వెతకండి. కరెంటు పోయినప్పుడు డ్రైవ్ క్యాష్‌లోని డేటాను ఫ్లాష్‌లోకి రాయడానికి సరిపడా శక్తిని అందులోని కెపాసిటర్లు ఇస్తాయి. అది లేని డెస్క్‌టాప్ డ్రైవ్‌లు ఎఫ్‌సింక్ (డేటా డిస్క్‌లోకి నిజంగా చేరిందని ఖాయం చేసుకోవడం) దగ్గర బాగా నెమ్మదిస్తాయి, లేదా రాసేశామని చెప్పి కమిట్ అయిన (డేటాబేస్ ఖాయం చేసేసిన) డేటాను పోగొడతాయి.

• అన్ని నోడ్‌లకూ ఒకే బ్యాచ్ డ్రైవ్‌లు వద్దు. 2019 నవంబరులో సర్వర్ల కంపెనీ హెచ్‌పీఈ ఇచ్చిన హెచ్చరిక గుర్తుంచుకోండి: ఫర్మ్‌వేర్ (డ్రైవ్‌లోపలి సాఫ్ట్‌వేర్) లోపం వల్ల కొన్ని మోడళ్ల ఎస్‌ఎస్‌డీలు 32,768 గంటలు నడిచాక చచ్చిపోతాయి, అప్‌డేట్ తప్పనిసరి అని. ఒకే రోజు ఆన్ చేసిన డ్రైవ్‌లైతే ప్రైమరీ, స్టాండ్‌బై కలిసే పోతాయి. అప్పుడు రెప్లికేషన్ (డేటాను స్టాండ్‌బైకి కాపీ చేస్తూ ఉండటం) ఉండీ ఏం లాభం?

• ఈసీసీ ర్యామ్ (మెమరీ తప్పులను పట్టుకుని సరిదిద్దేది), రెండు పవర్ సప్లైలు, రెండు స్విచ్‌లు. రెండు సప్లైలనూ ఒకే యూపీఎస్‌కు పెట్టకండి.

• స్టాండ్‌బైకి పాత సర్వర్ సర్దేద్దామనుకోవద్దు. ఫెయిలోవర్ అయ్యాక (ప్రైమరీ పడిపోయి పని స్టాండ్‌బైకి మారాక) పూర్తి లోడ్ మోయాల్సింది అదే.

• రిటర్న్ గడువు ముగిసేలోపే, లోడ్ నడుస్తుండగా ప్రైమరీ పవర్ కేబుళ్లు రెండూ పీకి, స్టాండ్‌బై పని అందుకుంటుందో లేదో చూడండి.