ఆవిరి కట్టడి, 6వ పాఠం: రింగు ఎందుకు కురచైంది?

ఈసారి పిస్టన్ రింగుల గురించి చెప్తానని మాటిచ్చాను. చెప్పడం లేదు. అయిదో పాఠం గ్లాండ్ కట్టడం గురించి: ఆవిరి సిలిండర్‌లోంచి రాడ్డు బయటికొచ్చే చోట దాని చుట్టూ ఉండే గుండ్రటి గిన్నె స్టఫింగ్ బాక్స్, అందులో రింగులుగా కోసి కూరే తాడు ప్యాకింగ్, నట్లు బిగిస్తే దాన్ని పై నుంచి నొక్కే ముక్క గ్లాండ్. అది చదివి కట్టినవాళ్లలో చాలామంది ఒకటే మాట రాశారు: "అన్నా, మీరు చెప్పినట్టే కోశాను, కొసలు కలవలేదు." కావలి నుంచి ఒకాయన ఫోటో పంపాడు. రాడ్డు చుట్టూ రింగు బుద్ధిగా కూర్చుంది గానీ రెండు కొసల మధ్య బొటనవేలు పట్టేంత సందు. అందులోంచి ఆవిరి రాకపోతేనే వింత.

తప్పులో సగం నాది. "రాడ్డు చుట్టుకొలత ఎంతో అంత ముక్క కోయండి" అని రాశాను. నేను జన్మలో లెక్క వేసి కోసింది లేదు, పాత రాడ్డు ముక్క మీద చుట్టి కోస్తాను. రాసేటప్పుడు మాత్రం నోటికొచ్చిన మాట రాసేశాను. మిగతా సగం మీది. చుట్టి కోయమని అదే పాఠంలో రెండు పేరాల కింద ఉంది, అక్కడిదాకా ఎవరూ చదవలేదు.

లెక్క చూడండి. రాడ్డు 32 మిల్లీమీటర్లు, స్టఫింగ్ బాక్స్ లోపలి వ్యాసం 48. తేడా 16, అందులో సగం 8. కాబట్టి 8 మిల్లీమీటర్ల చదరపు ప్యాకింగ్ కావాలి. ఇక్కడిదాకా అందరూ సరిగ్గానే చేశారు. పొడవు దగ్గర వచ్చింది తంటా. 32ని 3.14తో గుణిస్తే 100న్నర. అది రాడ్డును తాకే లోపలి అంచు పొడవు మాత్రమే. ప్యాకింగ్‌కు మందం ఉంది కదా, దాని నడిమి గీత రాడ్డు మీద లేదు, రాడ్డుకు 4 మిల్లీమీటర్లు బయట ఉంది. 32కు 8 కలిపితే 40, దాన్ని 3.14తో గుణిస్తే 125న్నర పైచిలుకు. నా మాట విని కోసినవాళ్లకు 25 మిల్లీమీటర్లు తక్కువొచ్చింది.

ఇందులో తమాషా ఏందంటే ఈ కొరతకు రాడ్డు లావుతో పనిలేదు. 8 మిల్లీమీటర్ల ప్యాకింగ్ అయితే సన్న రాడ్డుకూ 25 తక్కువే, లావు రాడ్డుకూ 25 తక్కువే. మీ ఉత్తరాలన్నిట్లో ఒకే సందు కనబడింది అందుకే.

ఇప్పుడు ఈ లెక్క మర్చిపోండి. రాడ్డు లావే ఉన్న పైపు ముక్కో, పాత స్పిండిల్ ముక్కో సంపాదించండి. పైపు కాస్త సన్నగా ఉంటే ఇన్సులేషన్ టేపు చుట్టి వెర్నియర్ (లావు కొలిచే పనిముట్టు) పెట్టి కొలత తెప్పించుకోండి, నేను చేసేది అదే. దాని మీద ప్యాకింగ్‌ను పక్కపక్కన ఆరు చుట్లు బిగువుగా చుట్టి, చుట్లన్నిటి మీదుగా పదునైన కత్తితో ఒక గీత లాగండి. అయిదు రింగులు చేతికొస్తాయి. బల్ల మీద సాపుగా పరిచి కోస్తే, వంచినప్పుడు కొసలు లోపల కలిసి బయట నోరు తెరుస్తాయి. హాక్సా బ్లేడుతో కోయొద్దు, పోగులు లేచిపోతాయి. ముందూ వెనకా కదిలే రాడ్డుకు 45 డిగ్రీల ఏటవాలు కోత, తిరిగే షాఫ్టుకు నిలువు కోత నాకు అలవాటు. దీని మీద వాదించేవాళ్లున్నారు, వాదించుకోనివ్వండి.

ఇక నాకు ఒళ్లు మండిన సంగతికొస్తాను. కందుకూరు వైపు నుంచి ఒక తమ్ముడు రాశాడు: "కొసలు కలవడం లేదు కాబట్టి అసలు కోయకుండా ఒకే తాడు స్ప్రింగులా చుట్టి పెట్టేస్తే పోలా? అతుకే ఉండదు కదా?" ఈ పని చేసే మిల్లులు నేను చాలా చూశాను. చేసినవాడు గర్వంగా చెప్తాడు కూడా.

అతుకు లేదు, నిజమే. దారి ఉంది. స్ప్రింగులా చుట్టిన తాడులో చుట్టుకూ చుట్టుకూ మధ్య సందు అడుగు నుంచి పైదాకా ఒకటే. గుండ్రంగా తిరిగే మెట్లదారి లాంటిది. ఆవిరి అడుగున అడుగుపెట్టిందంటే మెట్లెక్కుతూ నేరుగా గ్లాండ్ దగ్గర తేలుతుంది. అదే విడి రింగులైతే ప్రతి రింగూ ఒక గోడ. మొదటి గోడలో తలుపు పన్నెండు గంటల వైపు ఉంటే, రెండోదాని తలుపు మూడు గంటల వైపు, మూడోది ఆరు, నాలుగోది తొమ్మిది. ఆవిరికి ప్రతి గోడ దగ్గరా పావు చుట్టు తిరిగి తలుపు వెతుక్కునే పని పడుతుంది, తిరిగినప్పుడల్లా ఒత్తిడి కోల్పోతుంది.

అంతటితో అయిపోలేదు. స్ప్రింగు అడుగున తాడు మొదలయ్యే చోట ఒక కొస లావుగా, ఇంకో కొస సన్నగా చీలలాంటి ఖాళీ మిగులుతుంది. పైన ముగిసే చోట కూడా అంతే. గ్లాండ్ ఒకవైపు తాడు మీద, ఇంకోవైపు గాలి మీద కూర్చుంటుంది. నట్లు బిగిస్తే గ్లాండ్ వంగుతుంది, వంగిన గ్లాండ్ అంచు రాడ్డును గీరుతుంది. ఆ తమ్ముడు చివర్లో "రాడ్డు మీద ఒక పక్కే మెరుపు గీత పడింది, ఎందుకన్నా?" అని అడిగాడు. ఇందుకే నాయనా.

పైగా గ్లాండ్ బిగిస్తే ప్యాకింగ్ మూతలా అడ్డం పడుతుందనుకుంటారు. కాదు. వడపిండి ముద్దను అరచేతిలో ఒత్తితే పక్కలకు పాకుతుంది చూశారా, అలాగే పై నుంచి నొక్కితే ప్యాకింగ్ పక్కకు ఉబ్బి లోపల రాడ్డునూ బయట బాక్స్ గోడనూ పట్టుకోవాలి. ఆవిరిని ఆపేది ఆ పక్క పట్టే. అయిదు రింగులూ ఒకేసారి తోసి గ్లాండ్‌తో నొక్కితే పై రెండు రింగులే ఉబ్బుతాయి, అడుగువి నిద్రపోతుంటాయి. అందుకే ఒక్కో రింగు పెట్టి, రాడ్డు చుట్టూ పట్టేలా రెండు చెక్కలుగా చీల్చిన బుష్‌తో, అంటే గొట్టం ముక్కతో, అడుగుదాకా దించి, గట్టిగా నొక్కి, అప్పుడు తర్వాతిది. ప్యాకింగ్ కాస్త లావైతే పైపు దొర్లించి సాపు చేయండి. సుత్తితో కొట్టి సన్నం చేసినవాడిని నా బాయిలర్ గదిలోకి రానివ్వను.

బిగింపు గురించి నా సొంత గాయం ఒకటి చెప్పాలి. కోవూరు దగ్గర ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో ఊక బాయిలర్ దగ్గర పనిచేసే రోజుల్లో డ్యూప్లెక్స్ స్టీమ్ పంపు ఉండేది. అంటే పక్కపక్కన జంట పంపులు, ఒక్కోదాంట్లో ఒకే రాడ్డుకు ఒక చివర ఆవిరి సిలిండర్, రెండో చివర నీళ్ల సిలిండర్. ఆవిరి వైపు కొంచెం కారుతుంటే పొద్దున్నే పావు చుట్టు బిగించేవాణ్ణి. రెండ్రోజులు ఆగేది, మళ్లీ కారేది, మళ్లీ పావు చుట్టు. నట్లకు ఇంక మర లేదనేదాకా బిగించి, పాత ప్యాకింగ్ మీదే కొత్త రింగు ఒకటి వేశాను. పంపు మూలుగుతూ నడిచింది. చివరికి విప్పి చూస్తే అడుగు రింగులు బొగ్గులా ఎండి గట్టిపడ్డాయి, రాడ్డు మీద గోరు దిగేంత గాడి. రాడ్డు తీసుకుని నెల్లూరులో లేత్ షాపుకు పోతే ఆ మిస్త్రీ గాడి మీద గోటితో రుద్దుతూ నా మొహంలోకి చూశాడు, ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది. కొత్త రింగు వేసేముందు పాతది మొత్తం, అడుగు రింగుతో సహా, కార్కు తీసే మరలాంటి హుక్కుతో లాగెయ్యండి. గాడి పడిన రాడ్డు మీద ఎంత మంచి ప్యాకింగ్ వేసినా దండగే.

పాత మిల్లుల్లో బయటికొచ్చే బూడిదరంగు ప్యాకింగ్ ఆస్‌బెస్టాస్ కావచ్చు. దాన్ని నీళ్లతో తడిపి తియ్యండి, గాలి కొట్టి ఊదొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

కొత్తది వేశాక నట్లు చేత్తో తిరిగినంత తిప్పి, తర్వాత పానాతో ఒక్కో మూల, అంటే ఆరోవంతు చుట్టు, ఇటొకసారి అటొకసారి. రెండువైపులా గ్లాండ్‌కూ బాక్స్‌కూ మధ్య దూరం వెర్నియర్‌తో చూడండి, సమానంగా ఉండాలి. ఆవిరి నెమ్మదిగా ఇవ్వండి. వేడికి ప్యాకింగ్ సర్దుకుంటుంది, మొదట కాస్త చెమర్చినా కంగారు పడొద్దు. పంపు ఆపి ఇంకో మూల బిగిస్తే చాలు.

నీళ్ల వైపు గ్లాండ్ మాత్రం వేరే కథ. అక్కడ చుక్కలు పడాలి. ఆ చుక్కే ప్యాకింగ్‌కు చల్లదనం, నూనె రెండూ. రెంటినీ ఒకేలా బిగించి నీళ్ల వైపు మాడబెట్టినవాళ్లు ఉన్నారు. ఆవిరి వైపు నూలు ప్యాకింగ్ పెట్టిన ఘనులూ ఉన్నారు. గేజీ మీద చదరపు సెంటీమీటరుకు 10 కిలోల ప్రెషర్ దగ్గర ఆవిరి వేడి దాదాపు 183 డిగ్రీలు, నూలుకు ఆ వేడి పడదు. టెఫ్లాన్ 260 దాకా తట్టుకుంటుంది గానీ వేడికి బాగా ఉబ్బుతుంది, పుట్టిన వేడిని వదిలిపెట్టదు. ఆవిరి వైపు నా ఓటు గ్రాఫైట్‌కే.

అసలు ఈ బాక్స్ ఎందుకొచ్చిందో ఒక ముక్క. వాట్ కంటే ముందొచ్చిన న్యూకొమెన్ ఆవిరి ఇంజన్‌లో సిలిండర్ పైభాగం తెరిచే ఉండేది, పిస్టన్ మీద నీళ్లు పోసి గాలి దూరకుండా చూసేవారు. 1769లో పేటెంట్ తీసుకున్న జేమ్స్ వాట్ సిలిండర్ చల్లబడకూడదని పైన మూత వేశాడు. మూత వేస్తే రాడ్డు దాంట్లోంచి రావాలి, ఆ కన్నం దగ్గర ఆవిరి ఆగాలి. జనపనార లాంటి పోగులకు కొవ్వు పట్టించి కూరారు. మనం చేస్తున్నది ఇప్పటికీ అదే పని.

మా నాన్న బిట్రగుంట లోకో షెడ్డులో ఫిట్టర్. గూడ్సు బళ్లు లాగిన డబ్ల్యూజీ ఆవిరి ఇంజన్లకు బాయిలర్ ప్రెషర్ చదరపు అంగుళానికి 210 పౌన్లు, పైగా బాగా కాచిన ఆవిరి. అక్కడ పిస్టన్ రాడ్డుకు తాడు నిలవదు. లోహపు ముక్కలు మూడో నాలుగో కలిపి రింగు చేసి చుట్టూ స్ప్రింగు తొడిగేవారు. అలాంటి ముక్క ఒకటి మా ఇంట్లో పాత హార్లిక్స్ సీసాలో ఉంది, లోపలి అంచు అద్దంలా ఉంటుంది. అందులో కూడా ముక్కల అతుకులు ఒకదాని మీద ఒకటి రాకుండా రెండు వరుసలు. తాడైనా ఇనుమైనా అతుకుల్ని తప్పించాల్సిందే.

వాల్వు మూయడం, డ్రెయిన్ తెరవడం, గేజీ సున్నాకొచ్చాకే నట్టు ముట్టుకోవడం మీకు తెలిసినవే. ఒక్కటి మాత్రం మళ్లీ చెప్తాను. తెల్లగా కనబడేది ఆవిరి కాదు, చల్లబడిన నీటి తుంపర. కన్నం పక్కన ఏమీ కనబడని ఖాళీ జాగా ఉంటుంది చూడండి, అసలు ఆవిరి అక్కడుంది. చెయ్యి పెట్టి వెతకొద్దు, చీపురుకట్ట పెట్టండి.

అభ్యాసం. అంగుళం జీఐ పైపు ముక్క, చేనేత అంగట్లో దొరికే మందపాటి నూలు తాడు, పదునైన కత్తి. రింగులు కోస్తూ పోండి. ఒక్కో రింగును పైపు మీద పెట్టి అతుకు దగ్గర గోరు ఆనించండి. గోరు దిగితే పారేయండి. వరసగా పది రింగులు గోరు దిగకుండా వచ్చేదాకా లెక్క మళ్లీ ఒకటి నుంచే. తొమ్మిదో రింగు దగ్గర పోతే మళ్లీ ఒకటి. నాకు ముప్పై ఏడు రింగులు పట్టింది, మా నాన్న పక్కనే కూర్చుని ఎంచాడు. ఫోటో పంపేటప్పుడు అతుకులు పన్నెండు, మూడు, ఆరు, తొమ్మిదిగా పేర్చి, పైపు కొస వైపు నుంచి తియ్యండి. అతుకులన్నీ ఒకే వైపున్న ఫోటో వస్తే పిస్టన్ రింగుల పాఠం ఇంకో నెల వెనక్కి పోతుంది.