ఉయిగుర్ ఇంటికి నౌరూజ్ పిలుపు వస్తే: వెళ్లేముందు తెలుసుకోవాల్సిన జాగ్రత్తలు

మార్చి 21న నౌరూజ్, అంటే మధ్య ఆసియాలో కొత్త సంవత్సరం పండగ. ఉయిగుర్లు చైనా పశ్చిమాన ఉన్న షిన్‌జియాంగ్‌కు చెందిన ముస్లిం జాతివాళ్లు. కజకిస్తాన్‌లోని ఆల్మాటీలో, కిర్గిజ్‌స్తాన్‌లోని బిష్కెక్‌లో ఎంబీబీఎస్ చదువుతున్న మన పిల్లలకు ఉయిగుర్ స్నేహితులుంటే ఆ రోజుల్లో ఇంటికి రమ్మని పిలుపు రావచ్చు. ఒక్క కజకిస్తాన్‌లోనే ఉయిగుర్లు 3 లక్షలకు దగ్గరగా ఉన్నారు. పిలిస్తే తప్పకుండా వెళ్లండి. అతిథి వచ్చాడంటే ఇంట్లో ఉన్నదంతా తెచ్చి ముందు పెట్టే మనుషులు. కాకపోతే కొన్ని సంగతులు ముందే తెలిసి ఉండాలి. మీరు పొరపాటు చేసినా అక్కడ ఎవరూ చెప్పరు, అతిథిని చిన్నబుచ్చినట్టవుతుందని ఊరుకుంటారు.

తిండి సంగతి పిలిచిన రోజే ఫోన్లో చెప్పెయ్యండి. చేత్తో సాగదీసి చేసే లగ్మన్ నూడుల్స్‌లో బీఫ్ పడే అవకాశం ఎక్కువ. పోలో అనే క్యారెట్ పలావు మామూలుగా మటన్‌తో వండుతారు. ముక్కలు పక్కన పెట్టి అన్నం తిందామంటే కుదరదు, ఆ బియ్యం ఉడికేదే మాంసం కొవ్వులో. "కాలా గోష్" అంటే ఆవు మాంసం, "కోయ్ గోష్" అంటే గొర్రె మాంసం. శాకాహారులైతే "మెన్ గోష్ యెమెయ్‌మెన్", అంటే నేను మాంసం తినను అని చెప్పాలి. ముందే చెబితే నాన్, పళ్లు, గింజలు, టీతో మీకు వేరే ఏర్పాటు చేస్తారు. చెప్పకుండా వెళ్లి, పొద్దుటి నుంచి వండిన పళ్లెం ముట్టకుండా కూర్చుంటే ఆ ఇంటావిడ మనసు ఎంత నొచ్చుకుంటుందో ఆలోచించండి. కానుకగా టీపొడి, జీడిపప్పు లాంటివి పట్టుకెళ్లండి. మందు సీసా, జెలటిన్ కలిసిన చాక్లెట్లు వద్దు.

లోపలికి వెళ్లాక ఇంట్లో చిన్నవాళ్లెవరో కొమ్ముచెంబు, కింద పట్టడానికి ఒక బేసిన్ తెస్తారు. చెంబును ఆప్తువా అంటారు. మూడుసార్లు సన్నటి ధారగా నీళ్లు పోస్తారు. మనకు తెలియకుండానే జరిగే తప్పు ఇక్కడే: కడుక్కోగానే చేతులు విదిలిస్తాం. అక్కడ అలా నీళ్లు చిలకరించడం అమర్యాద. చేతులు బేసిన్ మీదే దగ్గరగా పట్టుకుని నీళ్లు కారనివ్వండి. తువ్వాలు వచ్చాక తుడుచుకోండి.

గుమ్మానికి దూరంగా ఉండే చోటు తోర్, అది పెద్దలది. ఎక్కడ కూర్చోవాలో వాళ్లు చూపించేదాకా ఆగండి. మీరు దూరం నుంచి వచ్చినవాళ్లని అక్కడే కూర్చోబెడితే ఒకసారి మొహమాటపడి, తర్వాత కూర్చోండి. కాళ్లు చాపకండి, భోజనానికి పరిచిన గుడ్డ, దస్తర్‌ఖాన్ మీంచి దాటకండి. నాన్ మీద అచ్చుగుర్తులున్న వైపు ఎప్పుడూ పైకే ఉండాలి. బోర్లా పెట్టకూడదు, మొత్తం రొట్టె పట్టుకుని కొరక్కూడదు, తుంచుకుని తినాలి. కింద పడ్డ మెతుకును కళ్లకద్దుకునే ఇంట్లో పెరిగినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. టీ గిన్నె రెండు చేతులతో అందుకోండి. చాలనుకుంటే గిన్నె మీద అరచెయ్యి పెట్టండి. చివర్లో అందరూ అరచేతులు తెరిచి దువా, అంటే ప్రార్థన చేస్తారు. అది పూర్తయ్యేదాకా ఎంత తొందరున్నా లేవకండి.

ఇక ఆట, అంటే నాట్యం. దుతార్ అనే తీగల వాయిద్యం మోగి, దప్ అనే డప్పు మీద దెబ్బ పడిందంటే మీ ముందుకూ ఎవరో వచ్చి, గుండె మీద చెయ్యి పెట్టి వంగుతారు. చెయ్యి ఊపి "నో నో" అనకండి. లేచి అలాగే వంగి, రాకపోయినా ఒక చుట్టు తిరిగి రండి. సనమ్ అనే నాట్యంలో ఆడ, మగ ఎదురెదురుగా ఆడతారు కానీ ముట్టుకోరు. చెయ్యి పట్టి లాగడం, నడుం మీద చెయ్యి వెయ్యడం అస్సలు వద్దు.

ఒంటి జాగ్రత్త కూడా ఉంది. రెండు గంటలు బాసింపట్టు వేసుకుని, కడుపు నిండా తిని, ఒక్కసారిగా గిరగిరా తిరిగితే మోకాలు పట్టేస్తుంది. ముందు కాసేపు నిలబడి మడమలు ఆడించండి. తివాచీ మీద సాక్సుతో తిరిగితే జారతారు. ఉయిగుర్ ఆటలో భుజాలు కదలకుండా మెడ మాత్రం పక్కలకు జరుగుతుంది. కూచిపూడి నేర్చుకున్నవాళ్లు చూడగానే సుందరీ గ్రీవ అని గుర్తుపడతారు. అలవాటు లేనివాళ్లు ఆ మెడను విసురుగా లాగొద్దు. పాట నిదానంగా మొదలై వేగం అందుకుంటుంది. దొలాన్ అనే ఇంకో నాట్యంలో చివరికి అందరూ బొంగరంలా తిరుగుతారు, ఎవరు చివరిదాకా నిలబడితే వాళ్లది గొప్ప. ఆ దశ రాగానే మీరు పక్కకు తప్పుకుని చప్పట్లు కొట్టండి.

ఇప్పటిదాకా చెప్పిన వాటిలో తప్పు జరిగినా నవ్వి వదిలేస్తారు. ఇక మీదట చెప్పేది అలాంటిది కాదు. ఈ ఇళ్లలో చాలామందికి తోబుట్టువులు, మేనమామలు చైనా పాలనలోని షిన్‌జియాంగ్‌లో ఉన్నారు. అక్కడ 2017 నుంచి లక్షల మందిని నిర్బంధించారు. అవి మానవాళిపై నేరాలు కావచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2022 ఆగస్టులో చెప్పింది. ఈ జానపద సంప్రదాయాల మీదే జీవితమంతా పనిచేసిన ప్రొఫెసర్ రహిలే దావుత్ 2017లో కనపడకుండా పోయారు, ఆమెకు యావజ్జీవ శిక్ష పడిందని 2023లో బయటికొచ్చింది. పాటా ఆటా కలిసే ఉయిగుర్ల కూడిక మెష్‌రెప్‌ను 2010లో యునెస్కో వెంటనే కాపాడుకోవాల్సిన వారసత్వంగా గుర్తించిందంటే మనకు పండగ కబురు. వాళ్లకు మాత్రం ఆ పాటా ఆటా దూరమైన తమవాళ్లను గుర్తుచేసే కడుపుకోత.

అందుకే రీల్ తీసేముందు అడగండి. ఒప్పుకున్నా మొహాలు, పేర్లు, వీధి కనపడకుండా చూసుకోండి. "మీవాళ్లు అక్కడ ఎలా ఉన్నారు?" అని మీ అంతట మీరు కదపకండి. వాళ్లే చెబితే వినండి, ఆ మాట ఇంకో చోట ఎత్తకండి.

షిన్‌జియాంగ్‌లోని కాష్గర్‌ నగరానికే వెళ్లేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఇంటికి వస్తామని అడగొద్దు, నంబర్ అడగొద్దు, నమాజు గురించి, విదేశాల్లోని బంధువుల గురించి ప్రశ్నలు వద్దు. మీరు రెండు రోజుల్లో విమానం ఎక్కేస్తారు, జవాబు చెప్పుకోవాల్సింది వాళ్లు. టూరిస్టుల ముందు నవ్వుతూ ఆడుతున్నారు కదా, అంతా బాగుందని రాసెయ్యకండి. దారిన పోయేవాళ్లను టీకి పిలిచే మనుషులు మిమ్మల్ని చూసి తల తిప్పుకుంటే, మర్యాద తెలియక కాదు. మీరు గుండె మీద చెయ్యి పెట్టి, ఆగకుండా ముందుకు నడవండి.