బురద నీళ్లు ముందు తేరాలి, ఆ తర్వాతే క్లోరిన్

వరద వచ్చినప్పుడో పైపు పగిలినప్పుడో కుళాయిలో బురద నీళ్లు వస్తే, చాలామంది వాటిలో నేరుగా క్లోరిన్ చుక్కలు వేసేస్తారు. దయచేసి అలా చేయకండి. బురద క్లోరిన్‌ని తినేస్తుంది, పైగా మట్టి రేణువుల చాటున సూక్ష్మజీవులు బతికిపోతాయి. నీటిశుద్ధి కేంద్రాల్లో కూడా ముందు నీళ్లు తేర్చి, వడపోసి, ఆ తర్వాతే అసలు మోతాదు కలుపుతారు.

కాబట్టి ముందు పటిక. సన్నని మట్టి రేణువుల మీద రుణావేశం ఉంటుంది, అందుకే ఒకదాన్నొకటి నెట్టుకుంటూ రోజుల తరబడి అడుగుకు చేరవు. పటికలోని అల్యూమినియం ఆ ఆవేశాన్ని తగ్గించాక అవన్నీ అంటుకుని దూదిపింజల్లా మారి, బరువెక్కి దిగిపోతాయి. శుభ్రమైన పటిక ముక్కను బకెట్ నీళ్లలో నాలుగైదు సార్లు తిప్పి తీసేయండి. ఒక నిమిషం వేగంగా కలపండి, ఆ తర్వాత పది నిమిషాలు బాగా నెమ్మదిగా. ఇక్కడే ఓపిక కావాలి, గట్టిగా కలిపితే కట్టిన పింజలు విడిపోతాయి. మూతపెట్టి రెండు మూడు గంటలు కదపకుండా వదిలేయండి.

పైన తేరిన నీళ్లు మాత్రమే వంచి, శుభ్రమైన గుడ్డను నాలుగు మడతలు వేసి వడకట్టండి. కేంద్రాల్లో ఈ పని ఇసుక పొరలు చేస్తాయి. క్లోరిన్‌కి లొంగని క్రిప్టోస్పోరిడియం అనే సూక్ష్మజీవిని చాలావరకు ఆపేదీ అవే. 1993లో అమెరికాలోని మిల్వాకీలో ఆ వడపోత దెబ్బతిని సుమారు 4 లక్షల మంది జబ్బుపడ్డారు. గుడ్డ దాన్ని ఆపలేదు, అందుకే వీలుంటే మరిగించడమే మేలు. నీళ్లు తెర్లడం మొదలయ్యాక 1 నిమిషం చాలు, 2,000 మీటర్లకు పైన ఎత్తున్న చోట 3 నిమిషాలు.

పొయ్యి వెలిగించే దారి లేకపోతే 5 నుంచి 9 శాతం సోడియం హైపోక్లోరైట్ ఉన్న మామూలు బ్లీచ్ ద్రవం, సువాసనలూ రంగులూ కలపనిది, లీటరుకు 2 చుక్కలు వేసి కలిపి 30 నిమిషాలు ఆగండి. మూత తీస్తే క్లోరిన్ వాసన కొద్దిగా రావాలి. రాలేదంటే వేసినదంతా ఖర్చయిపోయిందన్నమాట, మళ్లీ అంతే వేసి ఇంకో 15 నిమిషాలు చూడండి, అప్పటికీ రాకపోతే ఆ నీళ్లు తాగొద్దు. వాసన వచ్చిందని టెన్షన్ పడకండి, పైపుల దారిలో ఏదైనా కలిసినా కాపాడాలనే కుళాయి దగ్గరికి వచ్చేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలేలా చూస్తారు.

నీళ్లలో పురుగుమందులో పెట్రోలో కలిశాయని అనుమానం వస్తే మాత్రం ఇవేవీ చేయకండి. ఫ్లోరైడ్, ఆర్సెనిక్ ఉన్న నీళ్లను మరిగిస్తే అవి ఇంకా చిక్కబడతాయి. అలాంటప్పుడు తాగడానికి వేరే నీళ్లు తెచ్చుకోవాల్సిందే.