కమ్యూనిటీ హెల్త్ ప్రోగ్రామ్‌కు నిధులు ఎలా సంపాదించాలి?

దాతల జాబితా తర్వాత వెతుకుదురు గాని, ముందు సమస్యను అంకెల్లో పట్టుకోండి. "ఇక్కడ బీపీ కేసులు ఎక్కువ" అంటే సరిపోదు. ఎంతమందికి పరీక్ష చేశారు, ఎంతమందికి బీపీ ఉందని తేలింది, మందులు మధ్యలో మానేసినవాళ్లు ఎందరు, ఎందుకు మానేశారు? దగ్గర్లోని ఆరోగ్య కేంద్రం రికార్డులు, ఇంటింటి సర్వే, జనంతో నాలుగు మాటలు కలిస్తే ఇది తెలుస్తుంది. రోటరీ క్లబ్బుల దాతృత్వ సంస్థ రోటరీ ఫౌండేషన్ ఇచ్చే గ్లోబల్ గ్రాంట్‌కైతే ఇలాంటి అవసరాల అంచనా తప్పనిసరి. దాని కింద చేసే ప్రాజెక్టు బడ్జెట్ కనీసం 30,000 డాలర్లు ఉండాలి, దరఖాస్తు కూడా రోటరీ ద్వారానే వెళ్లాలి.

తర్వాత బడ్జెట్. ఎక్కువ ప్రోగ్రాములు దెబ్బతినేది ఇక్కడే. మందులు, మిషన్లు రాసుకుంటారు. హెల్త్ వర్కర్ జీతం, ప్రయాణ ఖర్చు, శిక్షణ, ఆడిట్ ఫీజు మాత్రం వదిలేస్తారు, అవి చూస్తే దాత వెనక్కి తగ్గుతాడేమోనని భయం. బీపీ మిషన్ ఉండి ఇల్లిల్లూ తిరిగే మనిషి లేకపోతే రోగికి ఒరిగేదేమీ లేదు. జీతం అడగడానికి అస్సలు మొహమాటపడకండి. గ్రాంట్ అయిపోయాక ఆ జీతం ఎవరిస్తారో కూడా ఇప్పుడే రాయండి.

ఇక ఎవరిని అడగాలి? మీ పనికి సరిపోయేవాళ్లనే. 2002లో మొదలైన గ్లోబల్ ఫండ్ అనే అంతర్జాతీయ నిధి ఎయిడ్స్, టీబీ, మలేరియాలకు డబ్బిస్తుంది, షుగర్ క్యాంపులకు కాదు. అక్కడ దరఖాస్తు సాధారణంగా దేశ స్థాయి సమన్వయ కమిటీ నుంచి వెళ్తుంది కాబట్టి, ఇప్పటికే ఆ గ్రాంట్ నడుపుతున్న పెద్ద సంస్థ కింద భాగస్వామిగా చేరడమే చిన్న సంస్థకు దారి. నా సలహా మాత్రం స్థానిక ప్రభుత్వం, దగ్గరి ఆస్పత్రులు, కంపెనీలు, నెలనెలా కొంచెం ఇచ్చే మామూలు మనుషులతో మొదలుపెట్టమనే. చిన్న మొత్తానికి లెక్క సరిగ్గా చూపించినవాళ్లను పెద్ద దాతలు నమ్ముతారు.

పొగాకు కంపెనీ డబ్బు ఎంత ఇస్తామన్నా వద్దనండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దాన్ని తీసుకోదు.

దరఖాస్తుకు ముందు ఒక పేజీ ఉత్తరం పంపండి, లేదా ఫోన్ చేసి మీ పని వాళ్ల పరిధిలోకి వస్తుందో లేదో కనుక్కోండి. కాదన్నారంటే కారణం అడగండి, చాలామంది చెబుతారు. డబ్బు వచ్చాక రిపోర్టు గడువుకు ముందే పంపండి, అనుకున్నట్టు జరగనివి కూడా అందులో రాయండి.