తుపాకిమందు ఇంట్లో చేసి చూద్దామనుకునే ముందు

తుపాకిమందు మీద ఆసక్తి పుట్టడంలో వింత లేదు. చైనాలో 1044 నాటి సైనిక గ్రంథంలోనే దాని పాళ్లు రాసిపెట్టారు. నిప్పు తగలగానే భుస్సుమని లేచే మంట, తెల్లటి పొగ, గంధకపు ఘాటు ఒకసారి చూసినవాళ్లకు గుర్తుండిపోతాయి. బాణసంచా కాల్చే రోజులు దగ్గరపడుతుంటే సూరేకారం, గంధకం, బొగ్గు తెచ్చి సొంతంగా కలిపి చూద్దామన్న ఆలోచన ఎవరికో ఒకరికి వస్తుంది. ఇది వాళ్ల కోసం, ఆ ఇంట్లో ఉండే మిగతావాళ్ల కోసం. పాళ్లు, తయారీ పద్ధతి ఇందులో ఉండవు. ఇంట్లో చేయడానికి భద్రమైన పద్ధతి అంటూ ఏదీ లేదు కాబట్టి మొదటి జాగ్రత్త చేయకపోవడమే. చాలా దేశాల్లో లైసెన్సు లేకుండా చేయడం నేరం కూడా. నేను మాత్రం చట్టానికి భయపడి చెప్పడం లేదు, వేళ్లకూ కళ్లకూ భయపడి చెబుతున్నాను.

ఈ పని తెలిసినవాళ్లు ఎలా చేశారో చూడండి. అమెరికాలోని డెలవేర్‌లో బ్రాండీవైన్ నది ఒడ్డున డ్యూపాంట్ కుటుంబం 1802లో తుపాకిమందు మిల్లులు పెట్టింది. ఒక్కో మిల్లుకు మూడు వైపులా మందపాటి రాతిగోడలు కట్టి, నది వైపు గోడను, పైకప్పును తేలికగా వదిలేశారు. పేలితే ఆ దెబ్బ నీటి మీదికి పోవాలని, పక్క మిల్లు మిగలాలని వాళ్ల లెక్క. అంటే పేలుడు జరుగుతుందని ముందే ఒప్పుకుని కట్టిన కట్టడాలవి. అంత ముందుచూపుతో నడిపినా నూరేళ్లకు పైబడిన కాలంలో అక్కడ రెండు వందల మందికి పైగా పనివాళ్లు పేలుళ్లలో చనిపోయారు. మన ఇంటి షెడ్డుకు అలాంటి గోడలు లేవు, పక్కనే నది లేదు.

ప్రమాదం నిప్పుతోనే వస్తుందని చాలామంది అనుకుంటారు. అగ్గిపుల్ల దూరంగా పెట్టాం, సిగరెట్ తాగడం లేదు, ఇంకేం భయం అంటారు. మందు నింపిన స్క్రూ మూత సీసాను ఒకసారి ఊహించుకోండి. మెడ చుట్టూ ఉన్న మరల్లో పొడి రేణువులు ఇరుక్కుని ఉంటాయి. మూత తిప్పిన ప్రతిసారీ అవి రెండు గట్టి అంచుల మధ్య నలుగుతాయి. ఆ రాపిడికే అంటుకోవచ్చు. పొడి గాలిలో నైలాన్ చొక్కా విప్పేటప్పుడు చిటపటలాడే నిప్పురవ్వ, ఇనుము రాతికి తగిలితే రాలే నిప్పురవ్వ, బల్ల పగుళ్లలో చేరిన దుమ్ము, చొక్కా చేతి మడతల్లో దాగిన పొడి, ఇవన్నీ ఆ కోవలోవే. బట్టలకు అంటిన పొడి ఆ రోజు ఏమీ చేయకపోవచ్చు, సాయంత్రం పొయ్యి దగ్గర నిలబడ్డప్పుడు చేస్తుంది.

రెండో అపోహ కొంచెంతో పోయేదేముందని. ఆరుబయట చిటికెడు పొడి భగ్గుమని మండి ఆరిపోతే చేసినవాళ్లకు ధైర్యం వస్తుంది. ఆ ధైర్యమే ఎక్కువ ప్రమాదకరం. ఈ మందు స్వభావం పరిమాణంతో మారుతుంది, మూసి ఉంచిన చోటులో పూర్తిగా మారిపోతుంది. బయట మంటగా పోయేది లోపల ఒత్తిడిగా పెరుగుతుంది. దాన్ని పట్టి ఉంచిన పాత్రే ముక్కలై ఒంట్లో దిగుతుంది. నిన్న ఏమీ కాలేదు కాబట్టి ఈరోజూ కాదని చెప్పే పరీక్ష ఏదీ లేదు.

ఒక సరుకు లేదని ఇంకొకటి వేసేవాళ్ల గురించి వేరుగా చెప్పాలి. 1788లో ఫ్రాన్స్‌లోని ఎసాన్ దగ్గర రసాయన శాస్త్రవేత్త బెర్తొలే సూరేకారానికి బదులు పొటాషియం క్లోరేట్ వాడి చూశాడు. మరో పేరున్న రసాయనవేత్త లవోయిసియే కూడా అక్కడే ఉన్నాడు. వాళ్లు కాసేపు పక్కకు వెళ్లిన సమయంలో మిశ్రమం పేలి, అక్కడే మిగిలిన ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. ఆ కాలపు గొప్ప రసాయనవేత్తలకే అంచనా అందలేదు. క్లోరేట్, గంధకం కలిస్తే చిన్న దెబ్బకు, రాపిడికి కూడా అంటుకుంటాయి. పేరు తెలియని తెల్లపొడిని సూరేకారమేనని నమ్మి కలపడం అంతటి పని.

పాతబడిన మందు చచ్చిపోయిందనుకోవడం ఇంకో పొరపాటు. పొడిగా ఉన్న తుపాకిమందుకు వయసు లేదు. 2008లో వర్జీనియాలో పాత ఆయుధాలు సేకరించే ఒకాయన అమెరికా అంతర్యుద్ధం నాటి ఫిరంగి గుండును శుభ్రం చేస్తుండగా అది పేలి ఆయన చనిపోయాడు. నూట నలభై ఏళ్లకు పైగా ఊరుకున్న గుండు అది. తడిసిన మందు కూడా ఆరితే మళ్లీ అంటుకోగలదు.

కాబట్టి ఇంట్లో ఎవరో కలిపి పెట్టిన పొడి కనబడితే మూత తీయకండి, కదపకండి, వాసన చూడకండి. తెలియని మిశ్రమం మీద నీళ్లు కూడా పోయవద్దు. అందులో అల్యూమినియం, మెగ్నీషియం వంటి లోహపు పొడులుంటే నీటితో వేడెక్కవచ్చు. పిల్లలను బయటికి పంపి, మీరూ బయటికి వచ్చి, పోలీసులకో అగ్నిమాపక కేంద్రానికో ఫోను చేయండి. మందలిస్తారేమోనన్న జంకుతో దాన్ని చెత్తబుట్టలో పడేయడం, కాల్చేయడం, కాలువలో కుమ్మరించడం చేయకండి. చెత్త ఎత్తే మనిషికి ఆ డబ్బాలో ఏముందో తెలియదు కదా. ఇప్పటికే మంట అంటుకుని ఉంటే ఆర్పే ప్రయత్నమే వద్దు. ఈ మందు మండడానికి కావలసిన ఆక్సిజన్ సూరేకారంలోనే ఉంటుంది. దుప్పటి కప్పినా, ఇసుక పోసినా అది ఊపిరాడక ఆరిపోదు. పరుగెత్తడం ఒక్కటే మార్గం.

కొన్న బాణసంచా కాల్చేవాళ్లకు నాదొక మనవి. వత్తి అంటించాక పేలలేదంటే దగ్గరికి వెళ్లి వంగి చూడాలనిపిస్తుంది, ఊదాలనిపిస్తుంది. ముఖానికి తగిలే గాయాలు ఆ క్షణానివే. కనీసం ఇరవై నిమిషాలు ఆగి, తర్వాత నీళ్ల బకెట్‌లో నానబెట్టండి. మళ్లీ అంటించవద్దు. పేలనివాటిని విప్పి మందు పోగుచేయడం తయారీ కన్నా తక్కువ ప్రమాదమేమీ కాదు. పిల్లలు ఎక్కువగా చేసేది అదే. నూలు బట్టలు, కళ్లద్దాలు, దగ్గరలో నీళ్లు తప్పనిసరి.

గాయమైతే ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి. కాలిన చోట మామూలు చల్లని కుళాయి నీరు ఇరవై నిమిషాలపాటు ధారగా పోయండి. ఐసు, టూత్‌పేస్టు, సిరా, వెన్న ఏవీ రాయవద్దు. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు తీసేయండి. చర్మానికి అతుక్కున్న గుడ్డను లాగవద్దు. కంట్లో ఏదైనా గుచ్చుకుంటే నలపడం, కడగడం, బయటికి తీయడం వద్దు. చిన్న కప్పు వంటిది ఒత్తిడి పడకుండా కంటి మీద బోర్లించి, టేపుతో అంటించి తీసుకెళ్లండి. వేలు తెగిపోతే ముందు రక్తం ఆగేలా గట్టిగా అదిమిపట్టండి. తెగిన భాగాన్ని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, కవరులో పెట్టి, ఆ కవరును ఐసు మీద ఉంచండి. ఐసు నేరుగా తగలకూడదు. చెవిలో హోరు మరునాటికి తగ్గకపోతే దాన్నీ వైద్యుడికి చూపించాలి.

ఆసుపత్రిలో నిజం చెప్పండి. కేసు భయంతో గ్యాస్ పొయ్యి మంట అని చెప్పేవాళ్లుంటారు. అలా చెబితే వైద్యులు పైకి కనిపించే కాలిన గాయాన్నే చూస్తారు. లోపల దిగిన ముక్క కోసం, కర్ణభేరి కోసం, కంటి వెనక భాగం కోసం వెతకరు. ఏం కలిపారో, ఎందులో పెట్టారో, ఎంత దూరంలో నిలబడ్డారో ఉన్నది ఉన్నట్టు చెప్పండి.